టైరు లోపలి అంచు ఎప్పుడైనా తడిమి చూశారా? వీల్ అలైన్‌మెంట్ గురించి కాస్త వివరంగా

పోయిన ఎండాకాలం కావలి దాటినాక హైవే మీద టైరు పంచరైంది, స్టెప్నీ వేసుకుని దగ్గర్లో ఉన్న పంచరు షాపుకి పోతే ఆ అబ్బాయి చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి "అన్నా, ఒకసారి ఇటు రా" అని లోపలి అంచు చూపించాడు. బయటి వైపు గ్రిప్పు నిండుగా ఉంది, లోపల మాత్రం రెండు వేళ్ళ వెడల్పున నున్నగా అరిగిపోయి ఒకచోట తీగ బయటపడి ఉంది. ఆ టైర్లు వేయించి 14 వేల కిలోమీటర్లు కూడా కాలేదు. వెనక సీట్లో పిల్లలు, మిట్టమధ్యాన్నం ఎండ, 90 మీద పోతా ఉన్నాం, ఆ అంచు పగిలి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటది. అంతకు రెండు నెలల ముందే కారు ఎడమకి లాగతా ఉందని ఒక షాపుకి పోతే బేలెన్సింగ్ చేసి పంపించారు, రెండూ వేరని నాకూ తెలీక డబ్బులిచ్చి వచ్చేశా. మీకు అట్టా కాకూడదనే ఇది రాస్తున్నా.

ముందు ఆ తేడా చూడండి. బేలెన్సింగ్ అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండేట్టు రిమ్ముకి చిన్న చిన్న సీసం ముక్కలో జింకు ముక్కలో అతికించడం. అది తప్పితే 80, 100 స్పీడులో స్టీరింగు వణుకుతుంది. అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ వైపుకి చూస్తా ఉన్నాయి, ఎంత వాలి ఉన్నాయి అనేది. అది తప్పితే కారు ఒక పక్కకి లాగొచ్చు, రోడ్డు నేరుగా ఉన్నా స్టీరింగు వంకరగా నిలబడొచ్చు, టైరు ఒక అంచునే అరగొచ్చు. వణుకుడికి అలైన్‌మెంట్ చేయించినా, లాగుడికి బేలెన్సింగ్ చేయించినా డబ్బు దండగ.

అలైన్‌మెంట్‌లో మూడు కోణాలుంటాయి, వాటిలో మన టైర్లని ఎక్కువగా తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం. ఎడ్ల బండికి కట్టిన జత చెరో పక్కకి లాగతా ఉంటే కాడి వాటిని పక్కకి పోనీదు, నేరుగానే నడవాలి, కానీ మెడలు ఒరుసుకుపోతాయి కదా, ముందు చక్రాలు రెండూ బయటికి చూస్తా ఉంటే జరిగేది అదే. దాన్ని టో అవుట్ అంటారు, లోపలి అంచులు పోతాయి, నాకు జరిగింది ఇదే. లోపలికి చూస్తా ఉంటే టో ఇన్, బయటి అంచులు పోతాయి. ఒక్కో చక్రం అర డిగ్రీ తిరిగి ఉంటే చాలు, కిలోమీటరుకి 8 మీటర్ల పైన పక్కకి రాసుకుంటది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా 120 కిలోమీటర్లు అనుకుంటే దాదాపు కిలోమీటరు దూరం టైరుని తారు మీద అడ్డంగా ఈడ్చినట్టు లెక్క. అర డిగ్రీ కంటికి కనపడదు.

కేంబర్ అంటే ముందు నుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండటం, ఇదీ ఒక అంచునే తింటది. మూడోది కేస్టర్, అంటే పక్క నుంచి చూస్తే స్టీరింగు తిప్పినప్పుడు చక్రం దేని చుట్టూ తిరుగుతుందో ఆ ఇరుసు ముందుకో వెనక్కో వాలి ఉండటం. దీని వల్ల టైరు పెద్దగా అరగదు, మలుపు తిరిగినాక స్టీరింగు తనంతట తను వెనక్కి రావడానికి అది కావాలి.

షాపుకి పోకముందు ఇంటి దగ్గరే చూసుకోండి. పొద్దున్నే టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి పట్టించండి, ఎంత అనేది డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కరు మీద ఉంటది. ఒక టైరులో గాలి తగ్గినా కారు ఆ పక్కకే లాగుద్ది. తర్వాత స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, ఇంజను ఆపి, వంగి చెయ్యి లోపలికి పెట్టి గ్రిప్పు మీద అడ్డంగా అరచేయి రాయండి, ఒకసారి లోపల నుంచి బయటికి, ఒకసారి బయట నుంచి లోపలికి. ఒక వైపు నున్నగా జారి రెండో వైపు రంపం పళ్ళలాగా చేతికి తగిలితే టో తప్పినట్టే. మధ్యలోనే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, వాటికీ అలైన్‌మెంట్‌కీ సంబంధం లేదు.

ఇంకోటి, మన రోడ్లు వాన నీళ్ళు పోవడానికి అంచు వైపు కొంచెం వాలుగా వేస్తారు, అందుకని కారు నిదానంగా ఎడమకి జరిగితే కంగారు పడొద్దు. చదునుగా ఉన్న ఖాళీ రోడ్డు మీద 50లో స్టీరింగుని వదులుగా పట్టుకుని (చేతులు మాత్రం తీయొద్దు) చూస్తే అసలు సంగతి తెలుస్తది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే మొదట బ్రేకులు చూపించండి.

షాపులో నేను ఇప్పుడు గట్టిగా అడిగేది, కారు మిషన్ మీద పెట్టే ముందు కింద భాగాలు చూడమని. ముందు చక్రం జాకీ మీద లేపి ఎడమ కుడి వైపులు పట్టుకుని ఊపితే కదులుడు ఉంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగు కడ్డీని చక్రానికి కలిపే కీలు) పోయి ఉండొచ్చు, పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలితే చక్రం బేరింగో బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండు కీలు). అవి వదులుగా ఉండగా ఎంత బాగా సెట్ చేసినా మొదటి గుంతలోనే మళ్ళీ పోద్ది. డిక్కీలో బియ్యం మూటలూ అవీ ఉంటే దించేయండి. కంప్యూటర్‌లో మీ కారు మోడలే పెట్టారా అని చూడండి, సిగ్గుపడొద్దు. చాలా చిన్న కార్లలో ముందు చక్రాల టో ఒక్కటే తిప్పే వీలుంటది, కేంబర్ ఎరుపులో చూపిస్తే నట్లు తిప్పితే సరికాదు, లోయర్ ఆర్మో (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే కడ్డీ) స్ట్రట్టో (షాక్ అబ్సార్బరు ఉండే నిలువు భాగం) వంగిందేమో వెతకాలి. వెనక చక్రాలు సెట్ చేసే వీలు లేకపోయినా కొలవమనండి, అవి పక్కకి తిరిగి ఉంటే, ఆ లెక్క చూడకుండా ముందు చక్రాలు సెట్ చేస్తే స్టీరింగు వంకరగానే ఉంటది.

5 వేల నుంచి 10 వేల కిలోమీటర్లకి ఒకసారి చూపించమంటారు. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల మీద రోజూ పోయేవాళ్ళు 5 వేలకే చూపించుకోవడం మంచిదని నా ఉద్దేశం. గుంతలో దడేల్మని పడితే, టై రాడ్ ఎండో స్ట్రట్టో మార్పిస్తే, కిలోమీటర్లు లెక్క చూడకుండా చేయించాల్సిందే. అయ్యేది కొన్ని వందలు, పోయేది టైర్ల జత.

చేయించినాక ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది అని రెండు లెక్కలూ ఉన్న ప్రింటు అడిగి తీసుకోండి. ఇంటికి వచ్చేయకుండా ఆడనే రెండు కిలోమీటర్లు నడిపి చూడండి, నేరుగా పోయేటప్పుడు స్టీరింగు ఏమాత్రం వంకరగా ఉన్నా వెంటనే బండి వెనక్కి తిప్పి మళ్ళీ మిషన్ మీద పెట్టించండి. ఆ ప్రింటుని కారులోనే దాచండి, ఈసారి పోయినప్పుడు కొత్తదాని పక్కన పెట్టి చూస్తే ఏ చక్రం జరగతా ఉందో మీకే తెలిసిపోద్ది.