దమ్ము (ఆస్తమా), తుమ్ములు ఉన్నోళ్లు విటమిన్ డి ఎట్ల సరిచేసుకోవాలె

పత్తి ఏరుడు మొదలైందంటే మా మిర్యాలగూడ దిక్కు ఇంటికొకరికన్న తుమ్ములు, రాత్రయితే పిల్లికూతలు. దానికి తోడు రైస్ మిల్లుల దుమ్ము, గట్ల మీద వయ్యారిభామ పుప్పొడి. మా అమ్మకు పదేండ్ల సంది దమ్ము ఉంది, మూడేండ్ల కింద రక్తం చూపిస్తే విటమిన్ డి 11 అని వచ్చింది. అప్పటి సంది డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, మేం తప్పు చేసి నేర్చుకున్నది అంతా ఇక్కడ రాస్తున్న.

ముందు దమ్ముకు, ఈ విటమిన్‌కు సంబంధం ఏందో చూద్దాం. అలర్జీ ఉన్నోళ్లకు దుమ్ము లోపలికి పోంగనే టీహెచ్2 అనే తెల్ల కణాలు లేస్తయి, ఐఎల్-4, ఐఎల్-5, ఐఎల్-13 అనే రసాయనాలు వదుల్తయి. ఐఎల్-4 వల్ల ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ పెరుగుతది, ఐఎల్-5 వల్ల ఇస్నోఫిల్స్ అనే ఇంకో రకం తెల్ల కణాలు పెరుగుతయి (రిపోర్టు చూసి ఇస్నోఫీలియా అంటరు సూడుండ్రి, అదే), ఐఎల్-13 వల్ల తెమడ ఎక్కువై గొట్టాలు బిగుసుకపోతయి. ఈ కణాల మీద విటమిన్ డి పని చేస్తది, ఐఎల్-10 అనే ఇంకో రసాయనం పెంచి ఆ వాపుకు బ్రేకు ఏస్తది. ఊపిరి గొట్టాల లోపలి పొర సుత అక్కడికక్కడే విటమిన్ డి ని పనికొచ్చే రూపంలకు మార్చుకుంటది, వైరస్‌లను తట్టుకునే క్యాథెలిసిడిన్ అనే పదార్థం తయారు చేసుకుంటది. సర్ది పట్టినాంకనే దమ్ము ఎక్కువయితది కదా, అందుకే ఇది ముఖ్యం.

అట్లని గోళి మింగితే దమ్ము పోతదని ఎవరన్న చెప్తే మాత్రం నమ్మకుండ్రి. అమెరికాల 408 మంది పెద్దోళ్ల మీద చేసిన పరీక్ష 2014ల వచ్చింది, 192 మంది పిల్లల మీద చేసింది 2020ల వచ్చింది, రెండింట్ల సుత విటమిన్ తక్కువున్న ఆస్తమా వాళ్లకే ఇచ్చిండ్రు, అనుకున్నంత తేడా రాలే. ఉన్న పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ వాళ్లు 2016ల లాభం ఉందన్నరు, 2023ల మళ్ల లెక్కగట్టి లేదన్నరు. కాబట్టి దమ్ముకు పీల్చే పంపు (ఇన్‌హేలర్) ఆపొద్దు, ఒక్క పూట సుత ఆపొద్దు. విటమిన్ తక్కువుంటే నింపుకోవాలె, ఎముకలకు, కండరాలకు ఎట్లయినా కావాలె, దమ్ముకు కొంత ఆసరా అయితే మంచిదే.

పరీక్షకు పోతే 25-హైడ్రాక్సీ విటమిన్ డి అని చెప్పి చేయించుకోండ్రి, 1,25 అని ఇంకోటి ఉంటది, లోపం ఉందా లేదా అన్నది దాంతోని తెల్వది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువొస్తే లోపం అంటరు.

ఇగ ఎండ సంగతి. పొద్దుగాల నీరెండల కూసుంటే డి వస్తదని అందరం అనుకుంటం, మేం సుత ఏడాది గట్లనే కూసున్నం, కానీ ఒంట్ల డి తయారు చేసే యూవీబీ కిరణాలు ఆ ఎండల చానా తక్కువ. లెక్క అల్కగ ఉంటది: నీ నీడ నీ కంటే పొట్టిగ ఉన్నప్పుడే ఆ ఎండ పనికొస్తది. డిసెంబర్‌ల అయితే పదకొండు నుంచి ఒకటిన్నర దాకా, మే నెలల పొద్దున తొమ్మిది దాటంగనే నీడ పొట్టిగైతది కాబట్టి అప్పుడే కూసోని లేవాలె, నడి మధ్యాహ్నం పోతే వడదెబ్బే. చేతులు, కాళ్లు, ముఖానికి తగలాలె, 20 నిమిషాలు, నల్లగున్నోళ్లకు ఇంకొంచెం ఎక్కువ. అద్దం కిటికీ ఎన్క కూసుంటే లాభం లేదు. పత్తి ఏరేటోళ్లు రోజంతా ఎండలనే ఉంటరు గానీ నెత్తికి తువ్వాల, నిండు చేతుల అంగీ తొడుక్కుంటరు, అందుకే వాళ్లకు సుత తక్కువొస్తది. ఎండకు కూసునేది చేన్లనో, మిల్లు పక్కనో కాకుండా దుమ్ము లేని డాబా మీద కూసోండ్రి, లేకపోతే డి కోసం పోయి దమ్ము తెచ్చుకున్నట్లయితది.

తిండిల గుడ్డు సొన, చేపలు, డి కలిపిన పాలు (ప్యాకెట్ మీద +ఎఫ్ గుర్తు ఉంటది) మంచియే గానీ లోపం ఉన్నోళ్లకు వీటితోనే నిండదు.

విటమిన్ డి పొడి ప్యాకెట్ దగ్గర జాగ్రత్త, మేం తప్పు చేసింది ఇక్కడనే. ఒక్కో దాంట్ల 60,000 యూనిట్లుంటయి, వారానికి ఒక్కటి అని డాక్టర్ రాస్తే, మందుల షాపుల రోజుకొకటి అని చెప్పిండ్రు, చీటి సరిగ చూడకుండ మా అమ్మకు ఐదు రోజులు వరుసగ ఇచ్చినం. ఆరో రోజు డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఎంబడే ఆపి కాల్షియం పరీక్ష చేయించిండు, బాగానే ఉంది గానీ ఆ రెండు రోజులు మాకు నిద్ర లేదు. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం రోజుకు కావాల్సింది 600 యూనిట్లు, డాక్టర్ చెప్పకుండ 4000 దాటొద్దు. ఎక్కువైతే రక్తంల కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దూప, మలబద్ధకం వస్తయి, కిడ్నీల రాళ్లు సుత వస్తయి. పాలల్లనో, నెయ్యి ఏసుకోని అన్నం తిన్నంకనో తీసుకుంటే ఒంటికి బాగ పడతది. మూడు నెలలయినంక మళ్ల పరీక్ష చేయించాలె.

ఇంకోటి, దమ్ముకు స్టెరాయిడ్ గోళీలు మాటిమాటికి మింగేటోళ్లకు ఎముకలు పల్చబడతయి, వాళ్లు డి, కాల్షియం గురించి డాక్టర్‌ను తప్పకుండ అడగాలె. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దోళ్లకు కీళ్ల నొప్పులుంటే అది ఫ్లోరైడ్ వల్ల సుత కావొచ్చు, డి లోపమే అనుకోని ప్యాకెట్లు కొనుక్కరాకుండ్రి, ఏ ఊరి నీళ్లు ఎన్నేండ్లు తాగిండ్రో ముందుగాల డాక్టర్‌కు చెప్పుండ్రి.