ఎండాకాలం ట్రిప్పుకు ముందు ట్రైలర్ టైర్లు: ట్రెడ్ చూసి నమ్మకండి

మే చివర్లో వచ్చే మెమోరియల్ డే సెలవు దగ్గర పడుతుంటే డాలస్ చుట్టుపక్కల ఆర్‌వీ (బండి వెనక లాగే ట్రైలర్ ఇల్లో, ఇల్లులాంటి మోటార్‌హోమో) ఉన్న మన వాళ్ల ఇళ్లలో ఒకటే హడావిడి. ప్రొపేన్ నింపించాలి, ఏసీ చూడాలి, క్యాంప్‌గ్రౌండ్‌లో సైటు దొరకాలి. టైర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాలితో ఓ తన్ను తన్ని "బానే ఉన్నాయిలే" అనేస్తాం.

నేనూ అంతే చేశాను. మూడేళ్ల కిందట జూలైలో గ్రాండ్ కాన్యన్‌కని బయల్దేరాం. ఐ-20 మీద పెకోస్ దాటాక ట్రైలర్ కుడివైపు వెనక టైరు పేలింది. పేలినట్టు నాకు తెలియనే లేదు. పక్క లేన్లో వెళ్తున్న లారీ అతను హారన్ కొట్టి వెనక్కి చూపిస్తే అద్దంలో చూశాను, రబ్బరు పేలికలు ఎగురుతున్నాయి. పైపొర మొత్తం ఊడి, కొరడాలా కొట్టుకుంటూ చక్రం మీది రేకును చీల్చేసి, బ్రేకు వైర్లు కూడా తెంపేసింది. ఆ టైరు ట్రెడ్, అంటే నేలకు తగిలే గాట్ల పొర, సగం కూడా అరగలేదు.

కారు టైరు అరిగిపోయాక మారుస్తాం. ట్రైలర్ టైరుకు చాలాసార్లు అరిగేంత అవకాశమే రాదు. ఏడాదిలో పది నెలలు ఒకేచోట, ఒకే భాగం మీద బరువు మోస్తూ ఎండలో నిలబడి ఉంటుంది. రబ్బరు ఎండిపోతుంది. రెండు యాక్సిళ్ల (ఇరుసుల) ట్రైలర్‌ను గ్యాస్ స్టేషన్‌లో గట్టిగా తిప్పినప్పుడు గమనించండి, ముందు టైర్లు ఒకవైపు, వెనకవి ఇంకోవైపు నేల మీద ఈడ్చుకుపోతాయి. ఆ మెలికకు లోపలి స్టీలు బెల్టులకూ రబ్బరుకూ మధ్య పట్టు కొంచెం కొంచెంగా సడలుతుంది. దానికి తక్కువ గాలి, ఎక్కువ బరువు, వెస్ట్ టెక్సాస్ రోడ్డు వేడి తోడైతే ఇక చెప్పేదేముంది.

ముందు తయారీ తేదీ చూడండి. టైరు పక్కగోడ (సైడ్‌వాల్) మీద డాట్ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలే తేదీ. 2319 అంటే 2019లో 23వ వారం. పూర్తి కోడ్ ఒకవైపే ఉండొచ్చు, అది లోపలివైపుకు వచ్చి ఉంటే టార్చి పట్టుకుని ట్రైలర్ కిందకి దూరక తప్పదు. ఐదేళ్లు దాటిన టైరును నేను అనుమానంగానే చూస్తాను, ఆరు దాటితే మార్చేస్తాను. "ట్రెడ్ కొత్తదానిలా ఉంది కదన్నా" అంటారు. ఉంటుంది. నాదీ అలాగే ఉండింది. కిందకి దూరినప్పుడే ట్రెడ్ మీద అరచెయ్యి పెట్టి చుట్టూ తడమండి. ఎక్కడైనా బుడిపెలా తగిలినా, ఒకచోట మాత్రమే ఎక్కువ అరిగినా లోపల బెల్టు విడిపోతూ ఉండొచ్చు. ఆ టైరుతో పక్క ఊరికి కూడా వెళ్లొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, బరువు. ఇక్కడే దాదాపు అందరం తప్పు చేస్తాం. బ్రోషర్‌లోది ఖాళీ ట్రైలర్ బరువు. అందులో మన సోనామసూరి బస్తా లేదు, గ్రైండర్ లేదు, రెండు కుక్కర్లు, ఆవకాయ జాడీ, నీళ్ల సీసాల కేసులు లేవు. ట్యాంకులో నీళ్లే గ్యాలన్‌కు 8 పౌండ్ల పైన, 50 గ్యాలన్లు నింపితే 400 దాటుతుంది. అందుకే సామానంతా సర్ది, బయల్దేరే రోజు ఎలా ఉంటుందో అలాగే ట్రక్ స్టాప్‌లోని క్యాట్ స్కేల్ (బండ్లు తూచే పెద్ద కాటా) మీద తూయించండి. పెద్ద ఖర్చు కాదు.

నా లెక్క చెప్తాను. ట్రైలర్ యాక్సిళ్ల మీద 9,400 పౌండ్లు వచ్చింది. టైర్లు ఎస్‌టి225/75ఆర్15, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం) డి, ఒక్కోటి 65 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి దగ్గర 2,540 పౌండ్లు మోస్తుంది. నాలుగూ కలిపి 10,160. ఇంకా 760 మిగిలిందని సంబరపడ్డాను. టైరు పేలాక చక్రం చక్రానికీ విడిగా తూచేచోట చూపిస్తే, కిచెన్, ఫ్రిజ్, స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) అన్నీ కుడివైపే ఉండటంతో ఆ వైపు రెండు టైర్ల మీదే 5,150 ఉంది. అవి మోయగలిగింది 5,080. మొత్తం బరువు చూస్తే బాగానే ఉంది, కుడివైపు మాత్రం ఓవర్‌లోడ్. అందుకే ఇప్పుడు ఒక్కో టైరు మీద కనీసం 15, 20 శాతం మిగులు ఉండేలా చూసుకుంటాను.

కొత్త టైర్లు కొనేటప్పుడు సైజు ముందున్న అక్షరాలు చూడాలి. ఎస్‌టి అంటే ట్రైలర్ల కోసమే చేసినవి, ఎల్‌టి లైట్ ట్రక్కులవి, పి కార్లవి. కారు టైరు ట్రైలర్‌కు వేస్తే దాని మీద రాసిన బరువును 1.1తో భాగించాలి, మన పెద్ద ట్రైలర్లకు ఆ మాటే వద్దు. ఎల్‌టి మంచిదని కొందరంటారు కానీ దగ్గరి సైజులో అవి మోసే బరువు తక్కువ. ఎల్‌టి235/85ఆర్16 లోడ్ రేంజ్ ఇ 3,042 పౌండ్లు మోస్తే, ఎస్‌టి235/80ఆర్16 లోడ్ రేంజ్ ఇ దాదాపు 3,500 మోస్తుంది.

నేను అదే సైజులో డి తీసేసి ఇ వేయించాను. మోసే బరువు 2,830కి పెరిగింది, గాలి 80 పీఎస్‌ఐకి పెరిగింది. ఇక్కడో చిక్కుంది. రిమ్ము అంత ఒత్తిడికి తట్టుకునేదేనా అని వెనకవైపు ముద్ర చూడాలి. మామూలు రబ్బరు వాల్వులు 65 వరకే, కాబట్టి లోహపు వాల్వులు వేయమని అడగాలి. అడగకపోతే చాలా షాపుల్లో పాతవే ఉంచేస్తారు. ఇంకోటి, టైరు బలం పెరిగిందని యాక్సిల్ బలం పెరగదు, ట్రైలర్ స్టిక్కర్ మీద ఉన్న యాక్సిల్ పరిమితి మారదు.

పెద్ద మోటార్‌హోమ్ ఉన్నవాళ్లు గుడ్‌ఇయర్ జి159 సంగతి తెలుసుకోవాలి. 275/70ఆర్22.5 సైజులో 1996 నుంచి 2003 దాకా తయారైన టైర్లు అవి. ఊళ్లో తిరిగే డెలివరీ ట్రక్కుల టైర్లను హైవే మీద పరుగెత్తే మోటార్‌హోమ్‌లకు వేశారన్నది బాధితుల వాదన. 2017 చివర్లో రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ విచారణ మొదలుపెట్టింది. ఆ సంస్థ లెక్కలో 8 మంది చనిపోయారు, 69 మంది గాయపడ్డారు. 2022లో కంపెనీ సుమారు 1,73,000 టైర్లను రీకాల్ చేసింది. లోపం ఉందని మాత్రం ఒప్పుకోలేదు, గాలి తగ్గినా బరువు ఎక్కువైనా ప్రమాదమని చెప్పింది. కొన్న టైర్ల డాట్ నంబర్లు రిజిస్టర్ చేయించుకుంటే రీకాల్ వచ్చినప్పుడు కబురు వస్తుంది.

గాలి పొద్దున్నే, చక్రం కదలకముందే చూడాలి. మధ్యాహ్నానికి 10, 15 పీఎస్‌ఐ పెరగడం మామూలే. ఎక్కువైందని టెన్షన్ పడి వేడి మీద గాలి తీయకండి, చల్లారాక అది తక్కువే అవుతుంది. కారులో ఉన్నట్టు ట్రైలర్‌కు గాలి చూసే సెన్సార్లు చాలావాటికి ఉండవు, విడిగా కొని వాల్వులకు బిగించుకోవాలి. నా దృష్టిలో జీపీఎస్ కన్నా ముందు కొనాల్సింది అదే.

వేగం సంగతి. వెస్ట్ టెక్సాస్‌లో కొన్నిచోట్ల బోర్డు మీద గంటకు 80 మైళ్లని ఉంటుంది. అది మీ ట్రైలర్‌కు కాదు. చాలా ఎస్‌టి టైర్లను మొదట్నుంచీ 65 మైళ్లకే చేసేవారు, ఇప్పుడు కొన్నింటి మీద 75కి ఎల్ అనో, 81కి ఎమ్ అనో అక్షరం ఉంటుంది. ఉన్నా నేను 62 దాటను. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగేవాళ్లకు పరిమితి 55.

చక్రం విప్పి బిగించాక 50 మైళ్లకు ఆగి లగ్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. టైరు పేలితే బ్రేకు తొక్కెయ్యకండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. ఒకటి పేలినప్పుడు దాని జంట టైరు ఆ బరువంతా మోసి ఉంటుంది, దాన్నీ మార్చాల్సిందే. రోడ్‌సైడ్ మెంబర్‌షిప్‌లో ట్రైలర్ కవరవుతుందో లేదో ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. నాది కవరవలేదు.

అన్నట్టు, స్పేరు. ఆ రోజు ఎండలో జాకీ పెట్టి, నట్లు విప్పి, ట్రైలర్ వెనక కవర్ తీసి చూస్తే స్పేరులో 30 పీఎస్‌ఐ ఉంది. నా దగ్గరున్న చిన్న కంప్రెసర్ 50 దాటలేదు. దాని తేదీ కూడా మిగతావాటిదే.