కొరియాలో చలికాలం సెలవులు: విమానం ఎక్కేముందు జాగ్రత్తలు

దక్షిణ కొరియా బడుల్లో ఇంగ్లీషు చెప్పే విదేశీ టీచర్లు చాలామంది జనవరిలో బ్యాంకాక్, బాలి వైపు బయల్దేరతారు. ముందు ఇవి చూసుకోండి.

• పిల్లల సెలవులన్నీ మీవి కావు. వింటర్ క్యాంప్ (సెలవుల్లో బడి నడిపే ఇంగ్లీషు తరగతులు) తేదీలు తేలి, సెలవు మంజూరైన కాగితం చేతికొచ్చాకే టికెట్ కొనండి. నోటిమాట నమ్మొద్దు.

• పాస్‌పోర్టుకు ఆరు నెలలైనా గడువుండాలి. రెసిడెన్స్ కార్డు వెంట ఉంచుకోండి.

• సొల్లాల్ (కొరియా చాంద్రమాన కొత్త సంవత్సరం) పండగ రోజుల్లో రద్దీ, ధరలు రెండూ ఎక్కువే.

• అందరూ మరిచేది ఇల్లు. ఇంటిని వెచ్చగా ఉంచే బాయిలర్ పూర్తిగా ఆపేయకండి! సియోల్‌లో జనవరి రాత్రులు సున్నా కిందికి దిగుతాయి. నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి. బాయిలర్‌పై బయటికెళ్లేటప్పుడు వాడే ‘వేచుల్’ మీట నొక్కండి, లేదా తక్కువ వేడిలో ఉంచండి. చలి మరీ ముదిరితే కుళాయిని సన్నధారగా వదలాలి. ఇంటి యజమానికి మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి.