నంబర్లన్నీ పచ్చగానే ఉన్నాయి, వీణ మాత్రం వినబడట్లేదు: బ్రౌజర్ కాల్స్‌లో సమస్య - పరిష్కారం

"కాల్ బాగోలేదండీ" అని ఫోన్ చేసేవాళ్లు వెంటనే చెప్పే రెండో మాట ఒకటే: "నెట్ మాత్రం సూపర్, స్పీడ్ టెస్ట్‌లో 100 వస్తోంది." ఆ వంద గురించి నేనడగలేదు. బ్రౌజర్‌లో మాట ఒక్కటే వెళ్లడానికి సెకనుకి 30, 40 కిలోబిట్లు చాలు, వందలో అది ఓ మూలకి కూడా రాదు. నేనడిగేది ఎవరికి సరిగా వినబడట్లేదని, మీకా, అవతలివాళ్లకా? సగం మందికి జవాబు తెలీదు. ఫోన్ పెట్టేసి కనుక్కుని మళ్లీ చేస్తారు. రూటర్ ఆపి వేయడం, ట్యాబ్ మూసి తెరవడం, సరైన మైక్ ఎంచుకోవడం ఇవన్నీ చేసే ఉంటారనుకుని మొదలుపెడుతున్నాను.

మాది విజయనగరం. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి నా దగ్గరికొచ్చే కేసుల్లో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలతో పాటు, అమెరికాలో పిల్లలకి పాఠాలు చెప్పే వీణ టీచర్లు, వయొలిన్ మాస్టార్లు కూడా ఉంటారు. ఈ రెండో రకం వాళ్లే నా చేత నీళ్లు తాగించారు, అది కింద చెబుతాను.

ముందు కొలవండి

క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు గీతలు పెట్టి వెబ్‌ఆర్‌టీసీ-ఇంటర్నల్స్ అని (ఇంగ్లిషులో chrome://webrtc-internals) టైప్ చేస్తే, కాల్ ఎలా నడుస్తోందో అంకెల్లో చూపించే ఒక పేజీ వస్తుంది. ఎడ్జ్‌లోనూ ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అబౌట్ కోలన్ వెబ్‌ఆర్‌టీసీ (about:webrtc). కాల్ మొదలవక ముందే ఆ పేజీ తెరిచి పక్క ట్యాబ్‌లో ఉంచండి. కాల్ అయిపోయాక తెరిచి "ఏమీ కనబడట్లేదండీ" అంటే ఏం కనబడుతుంది?

అందులో మీకు వచ్చే శబ్దం సంగతి ఇన్‌బౌండ్-ఆర్‌టీపీ దగ్గర, మీ నుంచి వెళ్లిన శబ్దం అవతల ఎలా చేరిందన్నది రిమోట్-ఇన్‌బౌండ్-ఆర్‌టీపీ దగ్గర ఉంటాయి. ఇక్కడో మెలిక ఉంది. నలుగురైదుగురు ఉండే కాల్స్ మామూలుగా మధ్యలో ఒక సర్వర్ మీదుగా వెళ్తాయి, అప్పుడు ఆ రెండోది సర్వర్ దాకా ఎలా చేరిందో మాత్రమే చెబుతుంది. సర్వర్ నుంచి న్యూజెర్సీ పిల్ల లాప్‌టాప్ దాకా ఏమైందో తెలియాలంటే ఆ పిల్ల వాళ్ల అమ్మగారి చేత అక్కడ ఈ పేజీ తెరిపించాల్సిందే.

మీ శబ్దం నెట్‌లో చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, వాటినే ప్యాకెట్లు అంటారు. చదవడంలో అందరూ చేసే తప్పులు: పోయిన ప్యాకెట్ల సంఖ్య కాల్ మొదటి నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తం, ఇప్పటిది కాదు. పది సెకన్ల తేడాతో రెండుసార్లు చూసి తీసివేయండి. జిట్టర్ (ప్యాకెట్లు వచ్చే వేళల్లో హెచ్చుతగ్గులు), రౌండ్ ట్రిప్ టైమ్ (అక్కడికి వెళ్లి తిరిగి రావడానికి పట్టేది) సెకన్లలో ఉంటాయి, అంటే 0.24 అని ఉంటే 240 మిల్లీసెకన్లు. మన దగ్గర నుంచి అమెరికాకి 200 నుంచి 300 మామూలే, అది తగ్గించమని నన్నడగకండి, సముద్రం అడుగున తీగ పొడవు నా చేతిలో లేదు. గురువుగారు, శిష్యురాలు కలిసి ఒకే తాళానికి వాయించడం కుదరకపోవడానికి కారణం కూడా అదే.

ప్యాకెట్ లాస్ సున్నా ఉన్నా గొంతు రోబోలా వస్తోందంటే చూడాల్సింది కన్‌సీల్డ్ శాంపిల్స్ (శాంపిల్ అంటే శబ్దంలో ఓ చిన్న తునక). ప్యాకెట్ రావడం వచ్చింది గానీ వినిపించాల్సిన వేళ దాటాక వచ్చింది, ఆ ఖాళీని బ్రౌజర్ తనకి తోచింది పెట్టి నింపేసింది, ఆ లెక్క ఇది. అందులోంచి సైలెంట్ కన్‌సీల్డ్ శాంపిల్స్ (నిశ్శబ్దంతో నింపినవి) తీసేసి, మొత్తం శాంపిల్స్‌తో భాగించండి. పది సెకన్లలో మొత్తం 4,80,000 పెరిగి, అలా తీసేయగా మిగిలినది 24,000 పెరిగితే నూటికి ఐదు వంతులు కల్పించిన శబ్దమన్నమాట. అంత ఉంటే చెవికి తెలిసిపోతుంది.

మీకు వాళ్లు బాగా వినబడుతున్నారు, వాళ్లకి మీరు తెగి తెగి

కారణం పదిసార్లలో ఎనిమిదిసార్లు మీ ఇంట్లోనే ఉంటుంది. ఎవరి ఫోనో ఫొటోలు, వీడియోలు క్లౌడ్‌కి ఎక్కిస్తూ ఉంటుంది, అప్‌లోడ్ దారి నిండిపోతుంది, మీ మాట వెనకాల క్యూలో నిలబడుతుంది. మా ఊరి అమ్మవారి సిరిమాను పండగ మర్నాడు నాకొచ్చే ఫోన్లన్నీ ఇవే. బ్యాకప్ ఆపించి, రౌండ్ ట్రిప్ గీత కిందికి దిగిందో లేదో చూడండి. దిగితే అదే. దిగకపోతే వైఫై తీసేసి ఒక్కసారి తీగ పెట్టి చూడండి. రూటర్ బీరువా వెనకాల పెట్టుకుని నన్ను తిడితే ఎలా.

మాట బాగుంది, సంగీతం మాయం

ఇదే నన్ను ముంచింది. కోట దగ్గర ఒక టీచరమ్మగారు, బొబ్బిలి వీణ, పనస దుంగ ఒక్కదాంతో చెక్కినది, గదిలో వింటే ఒళ్లు జలదరిస్తుంది. అవతలి పిల్ల వాళ్ల అమ్మ చెప్పింది ఏమిటంటే, టీచర్ మాట్లాడితే పక్కనే కూర్చున్నట్టుంది, వీణ మీటితే టంగుమని మొదలై వెంటనే ఎవరో నోరు నొక్కేసినట్టు ఆగిపోతోంది, శ్రుతి పెట్టె అయితే అసలు ఉందో లేదో తెలియట్లేదు. టీచరమ్మగారు నన్ను పిలిచి "ఏటి బాబూ, నా వీణని ఈ పెట్టి మింగేస్తంది" అన్నారు. అక్షరాలా అదే జరుగుతోందని నాకు రెండు వారాలకి గానీ అర్థం కాలేదు.

నంబర్లు చూశాను. లాస్ సున్నా. రౌండ్ ట్రిప్ 240. రెండు వైపులా కన్‌సీల్డ్ లేనట్టే. ఆవిడ వాడే సైటు కాల్ అయ్యాక 5కి 4.3 అని మార్కు కూడా వేసింది. అయినా నెట్‌నే అనుమానించాను. తీగ మార్చాను, రూటర్ జరిపాను, కొత్త యూఎస్‌బీ మైక్ కొనిపించాను. ఆ మైక్ డబ్బులు ఇప్పటికీ గుర్తొస్తాయి.

నేను చూసిన అంకెలన్నీ శబ్దం ప్యాకెట్లుగా మారిన తర్వాతివి. వీణ చచ్చిపోయింది అంతకు ముందే, మైక్‌కీ, శబ్దాన్ని కుదించే ఎన్‌కోడర్‌కీ మధ్యలో. ఆ 4.3 కూడా అంతే. ఒకప్పుడు ఆ మార్కు మనుషుల్ని కూర్చోబెట్టి వినిపించి, 1 నుంచి 5 దాకా వేయమని అడిగి తీసిన సగటు. ఇలాంటి సైట్లు ఇప్పుడు చూపించేది మామూలుగా లాస్, ఆలస్యం లాంటివి సూత్రంలో పెట్టి లెక్కగట్టినది, ఎవరూ విని వేసింది కాదు. చచ్చిన శబ్దాన్ని చక్కగా మోసుకెళ్లినా దానికి మంచి మార్కే.

చంపింది ఎవరంటే నాయిస్ సప్రెషన్. మారకుండా ఒకే తీరుగా మోగుతూ ఉండే శబ్దాన్ని అది ఫ్యాన్ అనుకుంటుంది, ఏసీ అనుకుంటుంది, తీసేస్తుంది. శ్రుతి అంటేనే మారకుండా మోగేది కదా! మీటిన తీగలో మొదటి దెబ్బ మాటలా ఉంటుంది కాబట్టి వదిలేస్తుంది, వెనక సాగే నాదాన్ని గోల కింద కట్టేస్తుంది. దానికి తోడు ఆటోమేటిక్ గెయిన్, మెల్లగా వాయించినది పెంచి, గట్టిగా వాయించినది తగ్గించి అంతా ఒకే మట్టానికి తెస్తుంది. ఇంకోటి ఎకో క్యాన్సిలేషన్, స్పీకర్ శబ్దం మైక్ లోంచి తిరిగి వెళ్లకుండా ఆపేది, అవతలి పిల్ల కూడా వాయిస్తున్నప్పుడు ఇటు వీణని నొక్కుతుంది. సైటు తయారుచేసినవాళ్లు ఏమీ చెప్పకపోతే క్రోమ్‌లో ఈ మూడూ ఆన్‌లోనే ఉంటాయి.

పట్టుకోవడం రెండు నిమిషాల పని. కాల్‌లో ఎవరూ మాట్లాడకుండా శ్రుతి పెట్టె ఒక్కటే అర నిమిషం మోగించి, ఇంటర్నల్స్ పేజీలో మీడియా-సోర్స్ కింద ఆడియో లెవెల్ గీత చూడండి. గదిలో శ్రుతి అలాగే మోగుతుంటే గీత కాసేపట్లోనే వాలిపోయిందంటే దొంగ దొరికినట్టే. అదే పేజీలో గెట్‌యూజర్‌మీడియా అనే ట్యాబ్ ఉంటుంది, సైటు మైక్‌ని ఏ షరతులతో అడిగిందో అక్కడ రాసి ఉంటుంది.

పరిష్కారం: సైటులో ఒరిజినల్ సౌండ్ అనో మ్యూజిక్ మోడ్ అనో ఉంటే అది పెట్టండి. సొంత సైటైతే కోడ్ రాసేవాళ్లకి చెప్పి మైక్ అడిగేటప్పుడు ఆ మూడింటికీ ఫాల్స్ ఇప్పించండి, ఓపస్ (శబ్దాన్ని కుదించే పద్ధతి) బిట్‌రేట్ సెకనుకి 96 కిలోబిట్లకి పెంచించండి, డీటీఎక్స్ (నిశ్శబ్దం అనుకున్నప్పుడు పంపడం తగ్గించేది) ఆన్‌లో ఉంటే తీయించండి.

ఇంతటితో అయిపోయిందనుకుని నేను ఇంటికొచ్చేశాను, మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్. బ్రౌజర్‌లో తీసేశాను సరే, విండోస్ కూడా సొంతంగా ఇదే పని చేస్తోంది. సెట్టింగ్స్‌లో సౌండ్, అందులో మీ మైక్, దాని కింద ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, అది ఆఫ్ చేయాలి. కొన్ని లాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లు పెట్టిన సౌండ్ యాప్ ఇంకోటి ఉంటుంది, అందులోనూ చూడాలి. మ్యాక్‌లో అయితే మైక్ మోడ్ వాయిస్ ఐసొలేషన్‌లో ఉందేమో చూసి మార్చండి. పైన ఒకచోట తీసేసి కింద వదిలేస్తే ఫలితం ఉండదు, బ్రౌజర్ మాత్రం అన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయని నిజాయితీగా చెబుతుంది.

ఎకో క్యాన్సిలేషన్ తీసేశాక హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, లేకపోతే ఆ పిల్ల వాయించినది మీ స్పీకర్ లోంచి మీ మైక్ లోకి దూరి తిరిగి ఆ పిల్లకే వెళ్తుంది. అవి తీగవే అయ్యుండాలి. బ్లూటూత్‌వి పెట్టి వాటి మైక్ వాడితే ఫోన్ కాల్ పద్ధతిలోకి మారిపోతాయి, మామూలుగా శబ్దం 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది, ఎంత మంచి వీణైనా డబ్బాలో వాయించినట్టుంటుంది. ఇక ఫ్యాన్ చప్పుడు కూడా వినబడుతుంది కాబట్టి క్లాసు జరిగినంతసేపూ ఫ్యాన్ ఆపాలి. మే నెలలో ఈ మాట టీచరమ్మగారికి చెప్పే ధైర్యం నాకు లేక వాళ్ల అబ్బాయికి చెప్పాను.

మిగతావి

వీడియో మసకగా ఉంటే క్వాలిటీ లిమిటేషన్ రీజన్ చూడండి. సీపీయూ అని ఉంటే లాప్‌టాప్ అలిసిపోయింది, మిగతా ట్యాబ్‌లు మూయండి. బ్యాండ్‌విడ్త్ అని ఉంటే పైన చెప్పిన ఫొటోల కథే.

ఆఫీసు వీపీఎన్ వేసుకుని కాల్‌లోకి వస్తే ఒక్కోసారి అంతా రిలే (మధ్యలో అందిపుచ్చుకుని పంపే సర్వర్) మీదుగా, టీసీపీ అనే వరస తప్పనివ్వని పద్ధతిలో పోతుంది, ఒక ప్యాకెట్ పోతే వెనకవన్నీ ఆగుతాయి. క్యాండిడేట్ పెయిర్ దగ్గర రిలే అని, రిలే ప్రోటోకాల్ టీసీపీ లేదా టీఎల్ఎస్ అని ఉంటే వీపీఎన్ తీసి చూడండి. బ్రౌజర్‌లో బగ్, పాడైన సౌండ్ కార్డు, ఇవి నేను వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లే చూశాను, వాటితో మొదలుపెట్టకండి.

ఇవేవీ కాకపోతే అదే పేజీలో పైన డంప్ తీసుకునే బటన్ ఉంటుంది, ఆ ఫైల్ దించి నాకు పంపండి. కాల్ నడుస్తుండగానే దించండి, ట్యాబ్ మూసేసి కాదు.