ప్లాస్టిక్ మోడల్‌కి చెక్క రంగు ఎలా వేయాలి?

ప్లాస్టిక్ విమానానికి చెక్క ప్రొపెల్లర్ అనగానే గోధుమ రంగు పూసి, మీద నల్ల గీతలు గీస్తారు చాలామంది. అచ్చం పీరీల పండగ పులివేషంలా ఉంటుంది. ముందు ఇంట్లో పాత టేకు దర్వాజ ముందు రెండు నిమిషాలు నిలబడి చూడండి. చారలు దగ్గరవుతాయి, దూరమవుతాయి, ముడి వచ్చినచోట పక్కకు తప్పుకొని పోతాయి.

ముక్కల్ని గిన్నెల సబ్బుతో కడగండి, ప్రైమర్ కొట్టండి. పైన తమియా కంపెనీ ఎక్స్‌ఎఫ్-57 బఫ్ (లేత ఇసుక రంగు) వేసి రాత్రంతా వదిలేయండి. ఈ బేస్ అక్రిలిక్కే కావాలి. ఎనామెల్ అయితే తర్వాత టర్పెంటైన్ తగలగానే కరుగుతుంది.

అసలు తంటా ఇప్పుడు. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు ఆయిల్ పెయింట్‌ని అట్టముక్క మీద పిండి అరగంట ఆగండి, నూనె అట్ట పీల్చుకుంటుంది. ఈ పని ఎగ్గొడితే రంగు ఎన్నాళ్లకీ ఆరదు. ఆ రంగును చుక్కలుగా పెట్టి, టర్పెంటైన్ కలపకుండా, కింది బఫ్ కనిపించేంత పలుచగా పామండి.

ఇక వెంట్రుకలు చీలిపోయిన పాత చదును బ్రష్ తీసుకోండి. కొత్తది వద్దే వద్దు, దాంతో చారలు రావు. పొడి బ్రష్‌ని ప్రొపెల్లర్ ఈ కొస నుంచి ఆ కొసకి ఒకే ఊపులో లాగండి. మధ్యలో ఆగితే అక్కడే మరక. లాగిన ప్రతిసారీ గుడ్డకి తుడవండి. చెయ్యి కొంచెం వణికినా మంచిదే, చార వంకర పోతుంది. నాలుగుసార్లు లాగాక బ్రష్ కింద పెట్టేయండి. ఇంకొక్కసారి అనుకుంటే చారలన్నీ కలిసి బురదవుతాయి. చెడిందా, టర్పెంటైన్ అద్దిన దూదితో తుడిచి మళ్లీ మొదలుపెట్టండి, అక్రిలిక్ బేస్ చెక్కుచెదరదు. చార సన్నగా ఉండాలి: అసలుకి 48వ వంతుండే 1/48 స్కేల్‌లో ఒక మిల్లీమీటరు అంటే అసలు చెక్క మీద దాదాపు 5 సెంటీమీటర్లు. అంత లావు చారలున్న దూలాన్ని మా వడ్లాయన ఇంటి గుమ్మం ఎక్కనివ్వడు.

చెక్క చారలు అచ్చేసి ఉండే అంటింపు బొమ్మలు, డెకాల్స్ దొరుకుతాయి కదా అంటారు. ప్రొపెల్లర్ మెలిక దగ్గర అవి ముడతలు పడతాయి, నేను ముట్టను. నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మ చేసి చెక్క కనబడకుండా రంగులద్దుతారు; మనది తిరగేసిన పని, ఓపిక మాత్రం అంతే కావాలి.

డబ్బా బోర్లించి ఎండాకాలం నాలుగు రోజులు, వానాకాలం వారం పైన ఆరనివ్వండి. ఒకసారి జులైలో మూడో రోజే పట్టుకున్నాను, ఆ రెక్క మీద నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది. చివరగా ఎక్స్‌-26 క్లియర్ ఆరెంజ్ (కింది చారలు కనిపించే పారదర్శక నారింజ రంగు), ఎయిర్‌బ్రష్‌తో పలుచగా రెండు పూతలు. మూడోది వేస్తే జిలేబీ.