పిల్లలు అడిగినప్పుడు మాట ఆగిపోతోందా? క్రైస్తవ తల్లిదండ్రులకు సమస్య - పరిష్కారం

ఆదివారం ఆరాధన తప్పదు. వేసవి సెలవుల్లో వీబీఎస్‌కి (సెలవుల బైబిల్ బడికి) పంపిస్తాం. వాక్యాలు కంఠతా పెట్టిస్తాం. అయినా పిల్లవాడు మనసులో ఉన్నది నిజంగా బయటపెట్టి అడిగిన రోజున చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒక్కటే: "అలా మాట్లాడకూడదు, ప్రార్థన చేసుకో." అక్కడితో మాట ఆగిపోతుంది. ప్రశ్న మాత్రం ఆగదు. ఫ్రెండ్స్ దగ్గరికో, యూట్యూబ్ దగ్గరికో వెళ్లిపోతుంది.

పిల్లలు అడగడం దేవుని మీద తిరుగుబాటు అని నేను అనుకోను. పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వాళ్లను ప్రశ్నలు అడిగాడని లూకా రాశాడు. సండే స్కూల్లో పిల్లలతో కూర్చునేటప్పుడు తరచుగా వినపడే ఇబ్బందులు, వాటి వెనక కనిపించే కారణాలు, ఇంట్లో చేయగలిగిన పనులు ఇక్కడ రాస్తున్నాను.

సమస్య: కుటుంబ ప్రార్థన అనగానే పిల్లలు తప్పించుకుంటున్నారు

చాప పరచగానే ఒకరికి హోంవర్క్ గుర్తొస్తుంది, ఇంకొకరికి కడుపు నొప్పి వస్తుంది. ప్రార్థన మరీ పొడుగైపోవడం ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మరొకటి ఉంది: ప్రార్థనలో తిట్లు. "ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ దయచేయి, ఆ ఫోన్ పిచ్చి తీసేయి, పెద్దల మాట వినే మనసివ్వు" అని వాడి పక్కనే కూర్చుని తండ్రి ప్రార్థిస్తే, అది వాడికి దేవునితో మాట్లాడినట్టు వినపడదు. నలుగురిలో తనను నిలబెట్టి కడిగేసినట్టు ఉంటుంది. ఎదురు చెప్పడానికీ వీల్లేదు, కళ్లు మూసుకుని ఆమెన్ అనాలి. దేవుడు ఎప్పుడూ నాన్న పక్షమే అన్న అభిప్రాయం అక్కడే పడుతుంది.

ఏం చేయాలి: మందలించాల్సింది ఉంటే ప్రార్థన అయ్యాక విడిగా, సూటిగా చెప్పండి. ప్రార్థనలో వాడి పేరు ఎత్తితే ఆ రోజు వాడు చేసిన ఒక మంచి పనికి స్తోత్రం చెప్పండి. పది, పదిహేను నిమిషాల్లో ముగించండి. పాట వాళ్లనే ఎంచుకోనివ్వండి, కొత్త పాటైనా సరే. అసలు మాటలు చాప మీదే జరగాలని కూడా లేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం చెబుతుంది. ట్యూషన్ నుంచి తీసుకొచ్చేటప్పుడు బండి వెనక కూర్చున్న పిల్లలు చాలా విషయాలు చెప్తారు. మొహంలోకి చూడక్కర్లేదు కదా, అందుకని.

సమస్య: "ఎంతో ప్రార్థన చేశాను, అయినా తాతయ్య చనిపోయారు"

ఈ మాట కొందరు పైకి అనరు. ప్రార్థన చేయడం మానేస్తారు, లేదా రాత్రి ఒంటరిగా పడుకోవడానికి భయపడతారు.

ఇక్కడ ఎక్కువ భాగం కారణం మన మాటల్లోనే ఉంటుంది. ప్రార్థన చేస్తే జరిగి తీరుతుంది అన్నట్టు నేర్పుతాం. మందిరంలో సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లంతా స్వస్థత పొందినవాళ్లే. ఐసీయూ బయట ఉపవాసం ఉండి ప్రార్థించినా మనిషిని పోగొట్టుకున్నవాళ్ల సాక్ష్యం పిల్లలు ఎప్పుడూ వినరు. అందుకే తాతయ్య పోయాక వాళ్లకు తోచేవి రెండే: దేవుడు వినలేదు, లేకపోతే నేను సరిగ్గా ప్రార్థించలేదు. రెండోది మరీ ప్రమాదం. ఎనిమిదేళ్ల పిల్ల ఆ నేరాన్ని ఎవరికీ చెప్పకుండా మోస్తుంది.

మొదట ఆ భారం దించండి. "నీ ప్రార్థనలో లోపం ఏమీ లేదు. తాతయ్యకు జబ్బు ముదిరింది, అందుకే చనిపోయారు" అని తేటగా చెప్పండి. చిన్నపిల్లలతో "నిద్రపోయారు" అనకండి, పడుకోవాలంటే భయం పట్టుకుంటుంది. "దేవుడికి కావాల్సి వచ్చి తీసుకెళ్లాడు" అని కూడా అనకండి, రేపు అమ్మను తీసుకెళ్తాడేమో అని దేవుణ్ణి చూసి బెదిరిపోతారు. చనిపోయారు, ఇక ఇంటికి రారు, ప్రభువు దగ్గర ఉన్నారని మనం నమ్ముతున్నాం, మళ్లీ చూస్తామన్న నిరీక్షణ ఉంది. ఈ వరసలో చెప్తే పిల్లలకు అర్థమవుతుంది.

ఆ తర్వాత బైబిల్‌లో కోరిన జవాబు దొరకని ప్రార్థనల దగ్గరికే తీసుకెళ్లండి. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్నాడు దేవుడు. పదమూడో కీర్తన "యెహోవా, ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు" అన్న అర్థంతోనే మొదలవుతుంది. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్న యేసు కూడా సమాధి దగ్గర ఏడ్చాడు. కాబట్టి "క్రైస్తవులం, ఏడవకూడదు" అని ఎవరైనా బంధువు అంటే, పిల్లల పక్షాన మీరు నిలబడండి. సమాధుల పండుగ రోజు వాళ్లను కూడా తీసుకెళ్లండి. తాతయ్య సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించే పని వాళ్ల చేతికివ్వండి. చేతులు పనిలో ఉంటే మాటలు వస్తాయి.

"మరి దేవుడు ఎందుకు బాగు చేయలేదు?" అని మళ్లీ అడుగుతారు. "నాకు తెలియదు నాన్నా. నేనూ అదే అడుగుతున్నాను" అనడం విశ్వాసం లేకపోవడం కాదు. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు పలకకుండా పక్కన కూర్చున్నంతసేపూ మంచివాళ్లే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పారు.

సమస్య: మార్కులు తగ్గాయి, "దేవుడికి నేనంటే ఇష్టం లేదు" అంటున్నారు

ఇంటర్, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రోజుల్లో ఇది ఇంటింటి టెన్షన్. పరీక్షకు ముందు హాల్ టికెట్ మీద చేతులుంచి ప్రార్థిస్తాం, మంచిదే. ర్యాంకు వస్తే "దేవుడు హెచ్చించాడు" అని మందిరంలో చాక్లెట్లు పంచుతాం. అప్పుడు ర్యాంకు రానివాడు దేవుడు తనను దించేశాడనే కదా అనుకుంటాడు? ఫలితాలకు ముందే, పరీక్షలు అయిన రోజే ఇంట్లో ఒక మాట చెప్పి ఉంచండి: "మార్కులు ఎన్ని వచ్చినా ఆ రోజు సాయంత్రం మనం కలిసి భోంచేస్తాం. తప్పితే సప్లిమెంటరీ ఉంది." చెప్పడమే కాదు, ఆ సాయంత్రం మాట నిలబెట్టుకోవాలి.

తిండి మానేయడం, నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు కనిపిస్తే ఆలస్యం చేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ క్షణంలో "ఆత్మహత్య పాపం, నరకానికి పోతావు" అనే మాట వద్దు, నోరు మూసుకుపోతుంది. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడి తన ప్రాణం తీసేయమని అడిగినప్పుడు దేవదూత ఆయన్ను గద్దించలేదు. అప్పం, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. మీరూ అదే చేయండి: పక్కన ఉండండి, తినిపించండి, ఒంటరిగా వదలకండి. పురుగుమందు, మాత్రలు ఇంట్లో అందకుండా తీసేయండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లడం విశ్వాసానికి విరోధం కాదు. షుగర్ మాత్ర వేసుకుంటూ ప్రార్థన చేసే పెద్దవాళ్లు మన సంఘంలో ఎంతమంది లేరు!

సమస్య: బడిలో ప్రసాదం, చవితి చందా, "మీది విదేశీ మతం" అనే మాటలు

ఏం చేయాలో ముందే చెప్పకపోవడమే కారణం. ప్రసాదం విషయంలో క్రైస్తవ కుటుంబాలన్నీ ఒకే మాట మీద లేవు. విగ్రహార్పితాల (విగ్రహాలకు అర్పించిన ఆహారం) గురించి కొరింథీ సంఘానికి పౌలు రాసింది కలిసి చదివి మీ ఇంటి నిర్ణయం తీసుకోండి. వద్దనుకుంటే "థాంక్స్ రా, మేం తినం" అని నవ్వుతూ చెప్పడం నేర్పండి. స్నేహితుడి దేవుణ్ణి ఎగతాళి చేయడం మాత్రం మన ఇంట్లో వినపడకూడదు. విదేశీ మతం అంటే బాధపడే పిల్లలకు కేరళలో వందల ఏళ్లుగా ఉన్న తోమా క్రైస్తవుల గురించి, 19వ శతాబ్దంలోనే అచ్చమైన తెలుగులో కీర్తనలు కట్టిన పురుషోత్తమ చౌదరి గురించి చెప్పండి.

సమస్య: "సర్టిఫికెట్‌లో హిందూ అని ఎందుకుంది? మనం అబద్ధం చెప్తున్నామా?"

చాలా దళిత క్రైస్తవ కుటుంబాల్లో పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఈ ప్రశ్న వస్తుంది. "నీకెందుకు, నోరు మూసుకో" అంటారు, ఎందుకంటే పెద్దవాళ్లకూ ఇది పుండే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఆ హోదా పోతుందనే కొన్ని కుటుంబాలు కాగితాల మీద హిందూ అనే ఉంచేస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్లు వెనుకబడిన తరగతుల జాబితాలోని బీసీ-సి కిందికి వస్తారు. మతం మారినా ఊళ్లో వివక్ష మారలేదు కదా అన్న వాదన, దాని మీద పోరాటం దశాబ్దాలుగా నడుస్తున్నాయి. ఈ చరిత్ర పిల్లలకు చెప్పండి. మీ కుటుంబం ఏ దారి ఎంచుకుంది, ఎందుకు, దాని వల్ల మీ మనసులో ఏముంది, అదీ చెప్పండి. పిల్లవాడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా, దాచలేదన్న గౌరవం ఉంటుంది.

సమస్య: "నేను చర్చికి రాను"

వెంటనే కోప్పడకండి, పాస్టర్ గారికి ఫోన్ చేసి వాక్యం చెప్పించనూ వద్దు. ముందు ఏ రకం "రాను" అన్నది తెలుసుకోండి.

సందేహాలైతే, తాను తిరిగి లేచాడని నమ్మని శిష్యుడు తోమాకు యేసు గాయాలు చూపించాడే గాని గెంటేయలేదని గుర్తుంచుకోండి. "నమ్ముచున్నాను, నా అపనమ్మకం తీసేయి" అని బిడ్డ కోసం యేసును వేడుకున్న ఒక తండ్రి ప్రార్థన మార్కు సువార్తలో ఉంది. మీ బిడ్డతో కలిసి ఆ ప్రార్థన మీరూ చేయొచ్చు.

"మందిరంలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉంటారు" అంటే, అది మీ గురించే అయితే క్షమాపణ అడగండి. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ పత్రిక తండ్రులకే చెప్పింది.

ఒక ప్రత్యేకమైన మనిషి పేరు చెప్పగానే పిల్ల బిగుసుకుపోతుంటే, ఆ ఒక్కరు ఉన్నచోటికే రానంటుంటే, అది విశ్వాస సమస్య అనుకోకండి. ఆ మనిషి ఎంత పెద్ద సేవకుడైనా సరే, పిల్ల చెప్పింది నమ్మండి, మళ్లీ అతని దగ్గరికి పంపకండి. సంఘం పరువు కోసం లోపల్లోపల సర్దుబాటుకు ఒప్పుకోకండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లైంగిక వేధింపు అయితే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) చట్టం కింద పోలీసులకు ఫిర్యాదు చేయండి. అన్నీ తేలేవరకు పిల్లకు ఆదివారం ఇంట్లోనే ప్రార్థన పెట్టండి, లేదా తను ధైర్యంగా కూర్చోగలిగిన వేరే సంఘానికి తీసుకెళ్లండి.