పాత పెంటియం, పాత అథ్లాన్: తప్పు నిజంగా ప్రాసెసర్‌దేనా?

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఫుల్‌స్టాక్ కోర్సు చేస్తున్న మా అక్క కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "మామయ్యా, సిస్టమ్ బాగా స్లో అయింది. షాపతను పెంటియం తీసేసి అథ్లాన్ వేయించుకోమంటున్నాడు. బోర్డుతో కలిపి సెకండ్ హ్యాండ్‌లో ఇస్తాడట." డబ్బులు కట్టకముందే అడిగాడు, అదే నయం.

వాడి దగ్గరున్నది ఇంటెల్ పెంటియం జీ4560, 2017 జనవరిలో వచ్చింది. వేయించుకోమన్నది ఏఎండీ అథ్లాన్ 200జీఈ, 2018 సెప్టెంబర్‌లో వచ్చింది. రెండింటికీ 2 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 4 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు). పెంటియం వేగం 3.5 గిగాహెర్ట్జ్, అథ్లాన్‌ది 3.2. కరెంటు లెక్కలో పెంటియం 54 వాట్లు, అథ్లాన్ 35 వాట్లు. మామూలు పనుల్లో ఒకటి తీసి రెండోది పెడితే తేడా కంటికి ఆనదు. కాబట్టి ముందు జబ్బేంటో చూసి, ఆ తర్వాత మందు కొనాలి.

సమస్య: ఆన్ చేసి పది నిమిషాలైనా ఏదీ తెరుచుకోదు

టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయి, సీపీయూ 20, 30 శాతంలో ఉంటే ప్రాసెసర్‌ది ఏ తప్పూ లేదు. హార్డ్ డిస్క్ అందించలేకపోతోంది, ప్రాసెసర్ దానికోసం ఎదురుచూస్తోంది. హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే 240 లేదా 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి, విండోస్ దాని మీదికి మార్చండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే ఇంకో 4 జీబీ కలపండి. నా దగ్గరికి వచ్చిన "స్లో" సిస్టమ్‌లలో చాలావాటికి ఇంతకుమించి ఏమీ చేయాల్సి రాలేదు.

సమస్య: యూట్యూబ్ వీడియో ఆగి ఆగి నడుస్తుంది

నెట్ బాగానే ఉన్నా ఇలా అవుతుంటే వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నర్డ్స్" నొక్కండి. కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) దగ్గర ఏవీ01, అంటే ఏవీ1 అని కనిపిస్తే కారణం దొరికినట్టే. ఏవీ1 వీడియోను విప్పే హార్డ్‌వేర్ ఈ రెండు చిప్‌లలోనూ లేదు. ఆ భారమంతా రెండు కోర్ల మీద పడుతుంది. వీపీ9, హెచ్.264 అనే వేరే కోడెక్‌లు మాత్రం రెండింటిలోనూ హార్డ్‌వేర్‌లోనే నడుస్తాయి. ఏవీ1ని ఆపేసే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే సరిపోతుంది.

సమస్య: గేమ్ ఆడితే నత్తనడక, పైగా 8 జీబీ ర్యామ్‌లో 2 జీబీ కనిపించదు

అథ్లాన్ గెలిచే చోటు ఇది. దాని వేగా 3 గ్రాఫిక్స్ పెంటియంలోని హెచ్‌డీ 610 కంటే మెరుగు. అయినా వేరే గ్రాఫిక్స్ కార్డు లేకపోతే రెండూ మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటాయి. కాబట్టి ఒక్క 8 జీబీ స్టిక్ బదులు 4+4 పెడితే ర్యామ్ నుంచి డేటా వేగంగా అంది గేమ్‌లో తేడా తెలుస్తుంది. అథ్లాన్ బోర్డుల్లో కనిపించకుండా పోయిన ఆ 2 జీబీ సాధారణంగా గ్రాఫిక్స్ కోసం పక్కన పెట్టిందే. గేమ్‌లు ఆడనివాళ్లు బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగ్స్ ప్రోగ్రామ్) యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజు తగ్గించుకోవచ్చు.

సమస్య: మాంగోడీబీ ఇన్‌స్టాల్ కాదు

మాంగోడీబీ అంటే డేటా దాచుకునే డేటాబేస్ ప్రోగ్రామ్. మావాడి అసలు బాధ ఇదేనని నాలుగో ప్రశ్నకు గానీ బయటపడలేదు. ఇన్‌స్టాలర్ చివరిదాకా వచ్చి, సర్వీస్ స్టార్ట్ కాలేదు, తగిన పర్మిషన్లు ఉన్నాయో లేదో చూసుకోండి అని చెప్పి ఆగిపోతుంది. అది నమ్మి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేశాడు, యాంటీవైరస్ తీసేశాడు, చివరికి విండోస్ కూడా మళ్లీ వేశాడు. రెండు రోజులు పోయాయి. క్లాసులో అందరికీ వచ్చింది, తనకు మాత్రం రాలేదని ఎంత టెన్షన్ పడ్డాడో గొంతులోనే తెలిసింది.

కారణం పర్మిషన్ కాదు. మాంగోడీబీ 5.0 నుంచి ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ అనే ఇన్‌స్ట్రక్షన్లు ఉండాలి. జీ4560లో వాటిని ఇంటెల్ ఇవ్వలేదు. విండోస్ తప్పులన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో 0ఎక్స్‌సీ000001డీ అనే కోడ్ కనబడితే, ప్రోగ్రామ్ అడిగిన ఇన్‌స్ట్రక్షన్ ఈ చిప్‌కు తెలియదని అర్థం. ఖాయం చేసుకోవాలంటే సీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ఇన్‌స్ట్రక్షన్స్ వరుస చదవండి. పెంటియంలో ఎస్‌ఎస్‌ఈ, ఏఈఎస్ లాంటివి ఉంటాయి, ఏవీఎక్స్ ఉండదు. అథ్లాన్ 200జీఈలో ఏవీఎక్స్, ఏవీఎక్స్2 రెండూ ఉంటాయి. మెషిన్ లెర్నింగ్‌కు వాడే టెన్సర్‌ఫ్లోను మామూలుగా ఇన్‌స్టాల్ చేసుకుంటే, 1.6 వెర్షన్ నుంచి దానికి కూడా ఇదే గతి.

పరిష్కారానికి చిప్ మార్చాల్సిన పని లేదు. నేర్చుకోవడానికి మాంగోడీబీ 4.4 చాలు. కొత్తదే కావాలంటే మాంగోడీబీ వాళ్లదే, ఉచితంగా దొరికే అట్లాస్ క్లౌడ్‌లో డేటాబేస్ పెట్టుకుని కోడ్ ఇక్కడి నుంచే రాయొచ్చు. టెన్సర్‌ఫ్లోకైతే బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే గూగుల్ కోలాబ్ ఉంది. కోర్సుల ఫీజు కట్టించుకునేవాళ్లు ఈ ఒక్క మాట మొదటి రోజే చెబితే ఎంతమంది పిల్లల నిద్ర మిగులుతుందో!

సమస్య: ఎండాకాలంలో దానంతట అదే ఆఫ్ అవుతుంది

మే నెలలో మన గదులే కాలిపోతుంటాయి, ఇక డబ్బా లోపలి సంగతి చెప్పాలా! వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటుతుంటే ముందు దుమ్ము దులపండి. పెంటియంను చల్లబరిచే కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి పైకి లేచినా కూలర్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎదురెదురు మూలలు జతగా, టక్‌మని వినిపించేదాకా నొక్కాలి.

అథ్లాన్‌తో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పెంటియంకు పిన్నులు బోర్డులో ఉంటాయి. అథ్లాన్‌కు చిప్ అడుగునే ఉంటాయి, మొత్తం 1331. చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి ఉంటే సున్నంలా గట్టిపడి కూలర్‌ను చిప్‌కు అతికించేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కూలర్ పట్టుకుని పైకి లాగితే, లాక్ వేసే ఉన్నా చిప్ కూడా సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగిపోతాయి. అందుకే సిస్టమ్‌ను పది నిమిషాలు బాగా పని చేయించి, ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పండి. పట్టు వదిలిందనిపించాకే పైకి ఎత్తండి. పిన్ను వంగితే కంగారు పడకండి. ఏటీఎం కార్డు అంచును పిన్నుల వరుసల మధ్య పెట్టి, వెంట్రుకవాసి చొప్పున నిటారుగా తేవచ్చు.

సమస్య: చిప్ మార్చాక స్క్రీన్ మీద ఏమీ రాదు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, అక్కడి కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ సీటీసీలో సెకండ్ హ్యాండ్ చిప్ కొనేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. పెంటియం వేసే హెచ్110 బోర్డు పాత బయోస్‌తో ఉంటే జీ4560ని గుర్తించదు. ఇంటెల్ 6వ తరం చిప్ ఒకటి పెట్టి బయోస్ అప్‌డేట్ చేయాలి. 8వ తరం ఐ3-8100 కూడా 1151 సాకెట్‌దే, కూర్చుంటుంది కూడా, కానీ ఆ బోర్డులో పనిచేయదు. ఏఎండీ వైపు రైజెన్ 5 5600 కొన్నవాళ్లు గ్రాఫిక్స్ కార్డు లేక ఆగిపోతారు, ఆ చిప్‌లో డిస్‌ప్లే లేదు. లోపల గ్రాఫిక్స్ ఉన్నది 5600జీ. బయోస్ అప్‌డేట్ పాత చిప్ ఉండగానే, యూపీఎస్ మీదే చేయండి.

సమస్య: విండోస్ 11 వద్దంటుంది

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ఆగింది. విండోస్ 11 జాబితాలో జీ4560 లేదు, 200జీఈ కూడా లేదు. అంటే ఆ షాపతని మాట విని ఉంటే మావాడు డబ్బు పోసి, మళ్లీ ఇదే గోడ ముందు నిలబడేవాడు. తేడా బోర్డులో ఉంది. పెంటియం బోర్డులో 7వ తరం దాటి ఏదీ నడవదు. అథ్లాన్ బోర్డులో అదే ఏఎం4 సాకెట్‌లో, బోర్డు కంపెనీ ఇచ్చిన జాబితా చూసుకుని అథ్లాన్ 3000జీ గానీ రైజెన్ 3 3200జీ గానీ పెట్టి, బయోస్‌లో ఎఫ్‌టీపీఎం (విండోస్ 11 అడిగే భద్రతా సదుపాయం) ఆన్ చేస్తే విండోస్ 11 వస్తుంది. అంత ఖర్చు వద్దనుకుంటే విండోస్ బదులు వాడే ఉచిత లినక్స్ మింట్ రెండు చిప్‌ల మీదా హాయిగా నడుస్తుంది.

మావాడు ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ ర్యామ్ కొనుక్కున్నాడు. మింట్ వేసుకుని డేటాబేస్ అట్లాస్‌లో పెట్టుకున్నాడు. పెంటియం ఇంకా ఆ బోర్డు మీదే ఉంది.